గద్ద గుర్తు సంగటి ముద్ద

"నేటి నుంచి ఈ రాయచోటి తాలూకాలో నేరం చేయదలచినవాడు ముందుగా నా అనుమతి పొందాలి!"

ఈ మాట అన్నది మెజిస్ట్రేటు కాదు, సర్కిలు ఇన్‌స్పెక్టరూ కాదు. మా రామలింగప్ప. అన్నది కూడా ఏ కచేరీ మెట్ల మీదో కాదు, నా సైకిలు షాపులో, పంక్చర్లు చూసే నీళ్ల తొట్టి పక్కన నిలబడి.

"అడిగితే అనుమతి ఇస్తావా?" అన్నాను.

"ఇవ్వను."

"మరి?"

"అందుకే నేరాలు ఆగిపోతాయి శేషన్నా! ఇంత సులువైన ఉపాయం ఇంతవరకు ప్రపంచంలో ఏ మేధావికీ తట్టలేదు."

ఇట్లాంటివి వినీ వినీ నా చెవులు రాటుదేలాయి. రామలింగప్ప పుట్టుకతో నేతగాడు, చదువుతో డిటెక్టివు. కడప బస్టాండులో అమ్మే అపరాధ పరిశోధన నవలలు తెచ్చి, మగ్గం మీద పరుచుకుని, నేస్తూ చదువుతాడు. హత్య జరిగినచోటల్లా చీర అంచులో పోగు తప్పుతుంది. ఆయన భార్య మల్లక్క చీర మడత విప్పి, "ఈడ ఒకడు సచ్చినాడు, ఈడ ఇద్దరు సచ్చినారు" అని వేలు పెట్టి చూపించగలదు. అంతవరకు ఆయన పట్టిన కేసు ఒకటే. తన చెప్పు పోయింది. అది వీధికుక్క నోట్లో దొరికింది. దొరికిన తర్వాత కూడా కుక్కను చాలాసేపు ప్రశ్నించాడు.

అట్లాంటివాడి చేతికి అసలు సిసలు కేసు దొరికింది. దాన్ని మోసుకుంటూ, ఊళ్లో అద్దెకు కారు తిప్పే గోపన్న నా షాపులోకి వచ్చాడు.

"రామలింగప్పా, కొంప మునిగిందప్పా!"

రామలింగప్ప కళ్లు సగం మూశాడు. "శవం ఎక్కడుంది?"

"ఎవురి శవం?"

"అదే మనం తెలుసుకోవాలి."

"శవమూ ల్యా, గివమూ ల్యా. నా కారు చక్రాల మూతలు పోయి మూడు దినాలాయ. నాలుక్కి నాలుగూ!"

ఆ కారు సంగతి చెప్పాలి. కర్నూలు రాజధాని అయిన కొత్తలో, అక్కడ కచేరీలన్నీ డేరాల్లో నడుస్తున్న రోజుల్లో, గోపన్న ఒక పనిమీద కర్నూలుకు పోయి, వచ్చేటప్పుడు నల్లటి పాత విలాయితీ కారు ఎక్కి వచ్చాడు. దానికోసం ఇంట్లో ఉన్న కాడెద్దుల్ని అమ్మేశాడు. కారు ముసలిదేగానీ చక్రాల మూతలు మాత్రం తళతళా మెరిసేవి. ఒక్కొక్కటి అన్నం గిన్నెంత ఉంటుంది. నడుమ రెక్కలు చాచిన గద్ద బొమ్మ ఉబ్బెత్తుగా అచ్చు వేసి ఉంటుంది. దారిన పోయే ఆడపిల్లలు ఆగి వాటిలో బొట్టు దిద్దుకునేవాళ్లు, మొహం గుమ్మడికాయంత కనబడినా సరే.

గోపన్న తల్లి గిడ్డమ్మవ్వ మాత్రం ఎద్దులు పోయినందుకు ఆ కారును ఈనాటికీ క్షమించలేదు. అది వాకిట్లో ఉంటే మొహం అటు తిప్పుకుని పోతుంది. దాని రంగేమిటో కూడా ఆమెకు తెలీదని మా అందరి నమ్మకం. ఇక గోపన్న, కారు వచ్చిన రోజునుంచి సంగటి మానేసి వరి అన్నంలోకి దిగాడు. కార్లో తిరిగేవాడు రాగిసంగటి తింటాడని తెలిస్తే ఊరు నవ్వుతుందని భయం. ఆ ఇంట్లో సంగటి తినేది ఇప్పుడు గిడ్డమ్మవ్వ, మధ్యాహ్నం పూట డ్రైవరు లేవి, అంతే.

"రేపు తెల్లారి నారాయణ శెట్టి ఇంటిల్లిపాదీ ఒంటిమిట్ట కల్యాణానికి పోతాండారు," అన్నాడు గోపన్న. "చక్రాలు మెరుస్తాయనే నా కారు మాట్లాడినారు. ఇప్పుడు చూస్తే అది కండ్లు పీకేసిన మాదిరి ఉండాది. ఇదంతా ఆ లేవిగాడి పని. రేపు కారు కదిలేలోపల మూతలు దొరక్కపోతే వాణ్ణి టేసన్లో అప్పజెప్తా."

లేవి నా షాపు సైకిలు మీదే తొక్కడం నేర్చుకున్నాడు. వాళ్ల నాయన ఎద్దులబండి తోలేవాడు, వీడు పట్టుబట్టి కారు నేర్చుకున్నాడు. ఊళ్లో ఏ చెంబు పోయినా ముందు వాళ్ల వీధి వైపు చూడటం మావాళ్లకు అలవాటు. ఆ అలవాటు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దొంగ అని పేరుపడి ఒకసారి స్టేషను మెట్లెక్కినవాడికి మళ్లీ ఎవరూ స్టీరింగు ఇవ్వరు. లేవికి తెలిసిన పని అదొక్కటే.

"గోపన్నా, రోంత నిదానించప్పా," అన్నాను.

"నిదానం అక్కరలేదు!" అన్నాడు రామలింగప్ప. "సూర్యాస్తమయం లోపల నేరస్తుణ్ణి నీ కాళ్ల దగ్గర పడేస్తాను. శేషన్నా, నా భూతద్దం!"

భూతద్దం అంటే వాళ్ల తాత కళ్లజోడులో మిగిలిన ఒంటి అద్దం. దాన్ని మగ్గంలో వాడే కండెపుల్లకు దారంతో కట్టి పెట్టుకున్నాడు.

గోపన్న వాకిట్లోకి అడుగుపెట్టగానే, "ఎవ్వరూ దేన్నీ తాకవద్దు!" అని అరిచి, ఆ ఊపులో తానే కారు మీద చెయ్యి వేశాడు. ఎండకు రేకు కాలిపోతోంది. "అబ్బా!" అని చెయ్యి ఊదుకుంటూ వెనక చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. మూత లేని చక్రం నడుమ హబ్బు బయటపడి ఉంది. దాని చుట్టూ ఎర్రగా, పొరలు పొరలుగా ఏదో పట్టి ఉంది.

రామలింగప్ప మొహం పాలిపోయింది. "రక్తం! ఎండిన రక్తం!"

"తుప్పు," అన్నాను.

"శేషన్నా, నీకు తెలిసింది సైకిళ్లు. ఇది కారు."

"ఇనుము ఇనుమే కదప్పా."

"అక్కడే ఉంది హంతకుడి తెలివి! రక్తాన్ని చూసి మనం తుప్పు అనుకోవాలనే, వాడు సరిగ్గా ఇనుము దగ్గర పొడిచాడు."

దీనికి జవాబు మీకు తోస్తే చెప్పండి.

ముందు చక్రానికి పోయాడు. అక్కడ ఎర్రదనం లేదు. నల్లగా, జిగటగా ఒక ముద్ద పూసి ఉంది. తక్కిన రెండు చక్రాలకూ అదే. వేలితో రుద్ది వాసన చూశాడు. "ఇది సామాన్యమైన పదార్థం కాదు. బహుశా ప్రాణాంతకమైన విషం," అంటూనే వేలు నోట్లో పెట్టుకున్నాడు.

ఆముదం తాగిన మొహం అని అందరం అంటూ ఉంటాం. అది ఎట్లా ఉంటుందో నేను కళ్లారా చూసింది ఆ రోజే.

"విషమెక్కింది! శేషన్నా, నేను సచ్చిపోతాండా! మల్లక్కను పిలిపిచ్చు!" కంగారు పుడితే ఆయన నవలల భాష ఆయన్ను వదిలేసి పోతుంది.

"అది కందెనప్పా," అన్నాడు గోడవారగా నిలబడిన లేవి. "ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపింటాము. మా నాయన బండి ఇరుసుకు పూసేది. ఏం కాదులే, నీళ్లు తాగు."

రామలింగప్ప నీళ్లు తాగి, నోరు తుడుచుకుని, మళ్లీ డిటెక్టివు అయ్యాడు. "అంటే హంతకుడు ఎద్దులబండిలో వచ్చాడన్నమాట!"

"పూసింది నేనేప్పా."

"నేరం ఒప్పుకున్నాడు!"

"పూసింది ఒప్పుకుంటాండా. ఎత్తకపోయింది కాదు." లేవి నావైపు తిరిగి చెప్పాడు. "శేషన్నా, నీకు తెలుసు గదా, ఏట్లో దిగినప్పుడల్లా మూతల కిందికి నీళ్లు జొరబడతాయి. ఆ నీళ్లు యాడికీ పోవు, ఆరవు. పైన మూత మెరుస్తానే ఉంటాది, లోపల హబ్బును తుప్పు తింటానే ఉంటాది. అందుకని మూతలు ఊడబెరికి, మూడు చక్రాలకు తుప్పు గీకి కందెన పూసినా. మూతలు చింతపండూ బూడిదా ఏసి తోమి, అదో, ఆ అరుగు మీద ఆరేదానికి బోర్లిచ్చినా. నాలుగో చక్రం గీకుదామనేలోపల అయ్య టూబు తెమ్మని కడపకు పంపిచ్చినాడు. సాయంత్రం వచ్చి చూస్తే ల్యావు."

"నేరం జరిగిన సమయంలో నువ్వు ఎక్కడున్నావు?"

"కడప బస్సులో."

"సాక్షులు?"

"బస్సు నిండా జనమేప్పా."

"బస్సు నిండా జనమా!" రామలింగప్ప నా చెవిలో గుసగుసలాడాడు. "చూశావా? ముఠా చాలా పెద్దది."

నాకు నవ్వొచ్చింది. లేవికి కూడా పెదవి కొంచెం కదిలింది, కానీ వెంటనే మొహం ముడుచుకుపోయింది. "ఈయప్ప అడుగుతాంటే నవ్వొస్తాది గానీ శేషన్నా, టేసన్లో ఇట్లా అడగరు గదా."

ఆ మాటకు నా నవ్వు ఆగిపోయింది.

గోపన్న భార్య రామేశ్వరమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. ఆమె నెల్లూరు వైపు పిల్ల, వరి తప్ప మరొకటి వండటం రాదు, మనసు మాత్రం మెత్తన. "లేవీ, పొద్దెక్కింది, నిన్నా తినలేదు, మొన్నా తినలేదు. అత్త సంగటి చేస్తోంది, తిని పో," అంది.

"దొంగ అన్న ఇంట్లో ముద్ద గొంతు దిగదమ్మా," అన్నాడు లేవి.

గోపన్న వినబడనట్టు మీసం సవరించుకున్నాడు.

తర్వాత ఆడవాళ్ల వాంగ్మూలం. రామేశ్వరమ్మ మూతల్ని చూడలేదంది. గిడ్డమ్మవ్వ వంటింట్లోంచే కేక పెట్టింది. "ఆ దయ్యాలబండి మొహమే నేను చూడను, దాని చక్రాలు చూస్తానా? దాని మూతలు పోతే పోనీలేప్పా. బండే పోయింటే ఇంకా బాగుండు!"

"ముసలామెకు మాత్రం ఏ పాపమూ తెలియదు," అన్నాడు రామలింగప్ప తేల్చేస్తూ. "అనుభవం చెబుతోంది."

మధ్యాహ్నానికి ఆయన మారువేషం వేశాడు. బుడబుక్కలవాడి వేషం. పాత కోటు, తలకు మల్లక్క చీరతో చుట్టిన పాగా, చేతిలో ఎవరిదో బుడబుక్క, జబ్బకు జోలె. నన్ను గోపన్న ఇంటి గోడ అవతల సైకిలుతో సహా నిలబెట్టాడు. అవసరమైతే ఇద్దరం పారిపోవాలట.

"అంబ పలుకు! జగదంబ పలుకు! ఈ ఇంట్లో ఒక రహస్యం ఉండాది తల్లీ!"

గిడ్డమ్మవ్వ గొంతు వినిపించింది. "ఏమప్పా రామలింగా, ఈ వేసమేంది? మల్లక్క ఇంట్లోనించి తరిమిందా?"

"నేను రామలింగప్పను కాదు తల్లీ. హిమాలయాల నుంచి వస్తున్నాను."

"అంత దూరంనించి నడిసి వచ్చినావా? అయితే ఆకలిగొనింటావు. కూసో, బువ్వ పెడతా."

ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. నేను సైకిలు సీటు మీద గడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ఉన్నట్టుండి రామలింగప్ప గోడ దూకి నా మీదే పడ్డాడు.

"గద్ద!" అన్నాడు రొప్పుతూ. "సంగటి ముద్ద మీద గద్ద!"

"వాలిందా? తోలకపోయినావా?"

"వాలలేదు. ముద్ర! రెక్కలు చాచిన గద్ద ముద్ర! శేషన్నా, ఇది గద్ద ముఠా పంపిన హెచ్చరిక. 'ఈ కేసు వదిలెయ్, లేకపోతే నీ అంతు చూస్తాం' అని దాని అర్థం."

"ఏదీ, ఆ ముద్ద చూపించు."

"తినేశాను."

"తినేసినావా!"

"సాక్ష్యం శత్రువు చేతికి చిక్కకూడదు కదా. పైగా ఆకలైంది." వేళ్లు నాక్కుంటూ, "ఊరుమిండి పచ్చడి కూడా శానా బాగుండాది," అన్నాడు.

ఇసుకలో పుల్లతో ఆ ముద్ర గీసి చూపించాడు. అది గుడ్డు పెట్టబోయే కోడిలాగా ఉంది. గద్ద అన్న మాట వినగానే నాకు బుర్ర వెలగాల్సింది, ఒప్పుకుంటాను. కానీ రామలింగప్ప చెప్పింది నమ్మే అలవాటు నాకు ఎన్నడూ లేదు. అవ్వ వేళ్ల గుర్తులు ఏవో పడి ఉంటాయిలే అనుకుని, ఆయన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని షాపుకు వచ్చేశాను.

పొద్దువాలుతుండగా రామలింగప్ప గోపన్న వాకిట్లో అందర్నీ హాజరుపరిచాడు. నవలల్లో ఆఖరి అధ్యాయం అట్లాగే ఉంటుందట. గోపన్న అరుగు మీద కూర్చున్నాడు. రామేశ్వరమ్మ స్తంభం చాటున నిలబడింది. లేవి కారు దగ్గర తలవంచుకుని ఉన్నాడు. పొద్దున తొడుక్కున్న చొక్కా మార్చి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. స్టేషనుకు పోవాల్సి వస్తే శుభ్రంగా పోదామని కాబోలు. అది చూసి రామలింగప్పతో అన్నాను, "అప్పా, ఇది ఆట కాదు. తెలీకపోతే తెలీదని చెప్పు." ఆయన నా భుజం తట్టి, అరుగెక్కి, వంటింటి తలుపుకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఈ వాకిట్లో ఉన్నవారిలో ఒకరు," అన్నాడు గొంతు తగ్గించి, "గద్ద ముఠా నాయకులు!"

అందరూ అందరి మొహాలూ చూసుకున్నారు. నేను కూడా చూశాను, ఏం చేస్తాం.

"రామేశ్వరమ్మా! నీది నెల్లూరు సీమ. అక్కడ వరి పండుతుంది. వరి ఉన్నచోట పక్షులు ఉంటాయి. గద్ద ఒక పక్షి! దీనికేమంటావు?"

"గద్దలు వడ్లు తినవన్నా."

రామలింగప్ప ఒక్క క్షణం ఆలోచించాడు. "అందుకే నీ మీద నాకు అనుమానం లేదు. గోపన్నా! నీ మూతలు నువ్వే దాచి..."

"నేనెందుకు దాస్తానప్పా? నీకేమన్నా మతి పోయిందా?"

"అందుకే నీ మీద కూడా లేదు. ఇక మిగిలింది..." ఆయన గొంతు ఆకాశానికి లేచింది. "రక్తపు మరకలు! ఆముద విషం! బస్సు నిండా అనుచరులు! ఈ దారుణ నేరానికి సూత్రధారి..."

గిడ్డమ్మవ్వ పొద్దుగూకక ముందే తినేస్తుంది. ఊరు మునిగినా ఆ అలవాటు మానదు. సరిగ్గా ఆ సమయానికే ఆమె వేడి వేడి సంగటి ముద్ద గిన్నెలోనే పట్టుకుని, అరుగు మీద కూర్చుని తిందామని వంటింట్లోంచి బయటికి అడుగు పెట్టింది.

"ఇతడే!" అని రామలింగప్ప చెయ్యి గిర్రున విసిరాడు.

ఆ చెయ్యి గిన్నెకు తగిలింది. గిన్నె గాల్లోకి లేచింది. ముద్ద బోర్లాపడి రామలింగప్ప బొర్ర మీదే దిగింది.

"సచ్చినా! కాలిపోయినా! ఓరి దేవుడా, పెరకండ్రా దీన్ని!"

ఎవరూ పెరకలేదు. అందరి కళ్లూ గిన్నె మీదే ఉన్నాయి. అది అరుగు మీద నిలువుగా పడి, చక్రంలాగా దొర్లుకుంటూ, మెట్టు దిగి, వాకిలి రాళ్ల మీద అటూ ఇటూ ఊగుతూ పోయి, కారు వెనక చక్రానికి ఖణేల్‌మని తగిలి బోర్లా పడింది. సాయంత్రపు ఎండ దాని మీద పడింది. రెక్కలు చాచిన గద్ద తళుక్కుమంది.

లేవి మెల్లగా వంగి దాన్ని తీసుకున్నాడు. లోపల అంటిన సంగటిని తన ఉతికిన చొక్కా అంచుతోనే తుడిచాడు. చక్రానికి ఆనించి అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు. టక్కుమని కూర్చుంది.

"ఏయ్, ఏయ్!" గిడ్డమ్మవ్వ కొంగు బిగించింది. "నా గరుడాళ్వారు గిన్నెను ఆ దయ్యాలబండికి తగిలిస్తాండావేమిరా?"

"అమ్మా," అన్నాడు గోపన్న. "ఈ గిన్నె నీకు యాడిదే?"

"అరుగు మీద బోర్లిచ్చి ఉండెగదా, మన తోమిన గిన్నెల్లో! నాలుగు గిన్నెలు, తెల్లగా, ఎవర్‌సిల్వరు మాదిరి. అడుగున గరుడాళ్వారు. ఒంటిమిట్ట నించి నువ్వే తెచ్చినావనుకుంటి. తడి చేసి సంగటి ఏసి గిరగిరా తిప్పితే ముద్ద ఎంత నున్నగా వస్తాదో! పైన గరుడాళ్వారు కూసోని వస్తాడు. తినేముందర దండం పెట్టుకుంటాండా."

"మిగతా మూడూ?"

"రాగిపిండి కుండలో దాపెట్టినా. కోడలు చూస్తే పుట్టింటికి ఎత్తకపోతాదని."

"నేనా అత్తా!" అంది రామేశ్వరమ్మ.

"ఇంత గోల జరుగుతా ఉంటే చెప్పొద్దామ్మా?" గోపన్న తల పట్టుకున్నాడు.

"మీరు బండి మూతలు పోయినాయంటిరి. నా గిన్నెలు పోయినాయా ఏమన్నా? నా గిన్నెలు నా కాడనే ఉండాయి గదా!"

ఆలోచిస్తే అవ్వ చెప్పింది నిజమే. ఆ బండి చక్రాల వైపు ఆమె ఏనాడూ చూసింది లేదు. గోపన్న సంగటి తినడం మానేశాడు, ముద్ద చూసింది లేదు. రామేశ్వరమ్మను అత్త ఆ గిన్నెల దరిదాపుల్లోకి రానిచ్చింది లేదు. ఇక చూడగానే గుర్తుపట్టగల మనిషి లేవి ఒక్కడే. దొంగ అని పేరు పెట్టకుండా, ఆ కుర్రాణ్ణి ఒక్క మధ్యాహ్నం ఎప్పట్లాగే కూర్చోబెట్టి ముద్ద పెట్టి ఉంటే, అందులో ఊరుమిండి పడకముందే కేసు తేలిపోయేది.

గిడ్డమ్మవ్వకు విషయం తెలియడానికి కొంచెం సేపు పట్టింది. తెలిశాక మొహం చిన్నబోయింది. "ఈ గిన్నెల కోసమా వీణ్ణి ఇన్ని మాటలన్నారు? నాకెవురూ చెప్పల్యా. ఒరే నాయనా, అంత తెల్లగా తోమింది నువ్వా? రా, కూసో. ఇంకో ముద్ద చేస్తా. ఎన్ని పూటలాయ నువ్వు ఈడ తినక!"

లేవి కదల్లేదు. "నువ్వు పెట్టల్యా అని కాదవ్వా. నన్నన్నది నువ్వు కాదు."

అందరం గోపన్న వైపు చూశాం. గోపన్న నేల చూశాడు, కారు చూశాడు, మళ్లీ నేల చూశాడు. తర్వాత లేచి, తొట్టిలోంచి చెంబుతో నీళ్లు ముంచుకొచ్చి లేవి ముందు నిలబడ్డాడు.

"తప్పు నాది లేవీ. నోరు జారినా. చెయ్యి కడుక్కో."

ఆ వాకిట్లో లేవికి ఎప్పుడూ గోడవార ఆకులో పెట్టేవాళ్లు. అతని చేతికి నీళ్లు పోసినవాళ్లు అంతవరకు ఎవరూ లేరు. లేవి ఆ చెంబు వంక చూసి, చేతులు చాచాడు. గోపన్న పోశాడు. పోస్తుంటే నీళ్లు సగం గోపన్న కాళ్ల మీదే పడ్డాయి. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోవడం దేనికి.

లేవి అరుగెక్కి కూర్చున్నాడు. అవ్వ పిండికుండలోంచి ఇంకో మూత తీసి, కడిగి, సంగటి తిప్పి, కంచంలో బోర్లించింది. రెక్కలు చాచుకుని గద్ద పొగలు కక్కుతోంది. లేవి ముందుగా దాని తల తుంచి ఊరుమిండిలో అద్దుకున్నాడు.

"నేను ఊహించినట్టే జరిగింది," అన్నాడు రామలింగప్ప, చొక్కా మీది సంగటి గోళ్లతో గీక్కుంటూ. "ఆ చెయ్యి ఊరికే విసిరాననుకున్నారా? దూరం, కోణం, గిన్నె బరువు, అన్నీ లెక్క వేసి విసిరాను."

"కాలిందా?" అన్నాను.

"శానా కాలింది శేషన్నా. రోంత వెన్న తెప్పిచ్చు."

మర్నాడు తెల్లవారుతూనే కారు నారాయణ శెట్టి ఇంటిముందు ఆగింది. లేవి వెలుతురు రాకముందే లేచి నాలుగో చక్రానికి కూడా తుప్పు గీకి కందెన పూశాడు. మూతలు మాత్రం మూడే ఉన్నాయి. ఒకటి తన దగ్గరే ఉండాలని అవ్వ పట్టుబట్టింది. మూత లేని చక్రానికి గాలి తగిలి తడి ఆరుతుందని లేవి కూడా అవ్వకే వత్తాసు పలికాడు. ఆమె చక్రాల్ని మొదటిసారి వంగి చూసింది. "ఇది గరుడవాహనమని ముందే చెప్పింటే, ఎద్దులు పోయినందుకు నేను ఇంత ఏడ్చింటానా?" అని కారుకు దండం పెట్టి, తానూ ఒంటిమిట్టకు వస్తానని ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

పొద్దున పూట ఇంజను మొండికేస్తుందని నెట్టడానికి నేనూ రామలింగప్పా వెంట వెళ్లాం. ఆయన బొర్రకు వెన్న పూసుకుని, చొక్కా గుండీలు విప్పుకుని ఉన్నాడు.

శెట్టి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక చక్రం దగ్గర ఆగాడు.

"ఏం గోపన్నా, దీనికి మూత యాడప్పా? ఎవురన్నా ఎత్తకపోయినారా?" అని, అలవాటు ప్రకారం లేవి వైపు చూశాడు.

లేవి చేతిలో హ్యాండిలు ఆగిపోయింది. రామలింగప్ప గొంతు సవరించుకున్నాడు. నేను ఆయన కాలు తొక్కాను. మేమెవ్వరం నోరు తెరవకముందే గోపన్న ముందుకు వచ్చి, వీధంతా వినబడేటట్టు చెప్పాడు.

"ఎవురూ ఎత్తకపోల్యా శెట్టీ. మా ఇంట్లోనే ఉండాది. మాయమ్మ దాంట్లో సంగటి చేస్తాది. నేనూ ఇప్పుడే ముద్ద తిని వస్తాండా."

శెట్టి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. లేవి నవ్వు దాచుకోవడానికి గబుక్కున వంగి ఇంజనుకు హ్యాండిలు తిప్పాడు. ఆ రోజు కారు మొదటి తిప్పుకే అందుకుంది.